చొక్కాల సారు

ముందుగది, కుట్టుమిషను పక్కన

మరదలు పిల్లా,

ఉత్తరం చూసి కంగారు పడకు. అందరం బాగానే ఉన్నాం. ఫోన్లో మాట్లాడదామంటే మీ అన్నయ్య పక్కగదిలోనే ఉంటారు. మా ఇంటి గోడల సంగతి నీకు తెలుసుగా, ఇక్కడ ఆవలిస్తే అక్కడివాళ్లకి నిద్రొస్తుంది. ఎలాగూ పార్శిళ్లు వెయ్యడానికి పోస్టాఫీసుకి వెళ్తున్నాను, దాంతోపాటు ఇదీ వేసేస్తాను.

అవును, పార్శిళ్లే. అది చెబుదామనే కూర్చున్నాను. మన చొక్కాల కొట్టుని నువ్వు ఇంటర్నెట్లో పెట్టాక వచ్చిన ఆర్డర్లు ఎవరెవరివో నీకూ తెలుసు. ఒకటి నీది. ఒకటి మీ క్లినిక్ డాక్టరుగారిది, అది నువ్వు పీకల మీద కూర్చుని కొనిపించిందే. ఇంకోటి మా పక్కింటావిడ పొరపాటున నొక్కింది. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. మన మొహానికి వ్యాపారమొకటా అనుకుని మిషను మీద గుడ్డ కప్పేశాను. ఈమధ్య ఏమైందో ఏమో, వరసపెట్టి వస్తున్నాయి. ఎక్కడెక్కడి నుంచో. పేర్లు చూస్తే చుట్టాలు కారు, తెలిసినవాళ్లూ కారు.

నువ్వేనా? నిజం చెప్పు. వదిన దిగులు పడుతోందని నీ స్నేహితురాళ్లందరి చేతా కొనిపిస్తున్నావా? అలాగైతే ఆపెయ్. జాలిపడి కొన్న చొక్కా బీరువా అడుగునే ఉంటుంది. నాకు కావలసింది ఒంటిమీదికెక్కే చొక్కా.

మీ అన్నయ్య గురించి అడుగుతావని రాస్తున్నాను. కుడిచెయ్యి అలాగే ఉంది. నడక కుదుటపడింది. మాటకి ఏ లోటూ లేదని డాక్టరు మొన్న కూడా అన్నాడు, కానీ ఆ మాట బయటికి రావాలిగా. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన దగ్గర మిగిలినవి మూడే: ఊఁ, వద్దు, సరే. ఊరంతా బ్రేకు మాష్టారని పిలుచుకున్న మనిషి. స్టీరింగు పట్టుకుంటేనే వణికిపోయేవాళ్లని పక్క సీట్లో కూర్చుని, కబుర్లలో పెట్టి, వాళ్లకే తెలియకుండా రోడ్డెక్కించిన మనిషి. డ్రైవింగ్ స్కూలు భాగస్వామికి వదిలేశాక ఆ వీధివైపే వెళ్లడం లేదు.

చొక్కా మాత్రం తనే తొడుక్కుంటున్నారు. మొదట్లో నేను గుండీలు పెడుతుంటే గోడకేసి చూసేవారు. ఆ చూపు భరించలేకే కదా ఆ చొక్కా కుట్టాను. పైకి అన్నీ మామూలు గుండీలే, వాటి కింద చెప్పులకుంటుందే, చర్రుమని ఊడే పట్టీ, అది. పనిచెయ్యని చేతివైపు చంక నుంచి మణికట్టు దాకా తెరుచుకుంటుంది. ఒంటిచేత్తో వేసుకోవచ్చు, చూసేవాళ్లకి తేడా తెలీదు. దీన్ని అమ్మొచ్చు వదినా అని నువ్వన్నప్పుడు నవ్వాను. ఇప్పుడు నవ్వాలో భయపడాలో తెలీడం లేదు.

వెంటనే జవాబు రాయి.

మీ వదిన

*

పళ్ళ డాక్టరుగారి క్లినిక్, రిసెప్షన్ బల్ల

వదినా,

నా మీద ఒట్టు, మీ అన్నదమ్ముల మీద ఒట్టు, మా డాక్టరుగారి డ్రిల్లింగ్ మిషను మీద ఒట్టు, నేను ఎవరిచేతా కొనిపించలేదు. నా స్నేహితురాళ్ల సంగతి నీకు తెలీదు. నా పెళ్లికే బహుమతికని చందాలేసుకుని ఒక్క గోడ గడియారం ఇచ్చారు. వాళ్లు నీ చొక్కాలు కొంటారా?

ఆర్డర్లు వస్తే సంతోషించాలి గానీ, గిల్లి చూసుకుంటావేంటి? కొత్త కొట్టంటే అంతే వదినా. ఒకరు కొంటారు, బాగుంటే ఇంకొకరికి చెబుతారు. పేజీ సంగతి నేను చూసుకుంటున్నాను, నువ్వు అందులో వేలు పెట్టకు. ఆర్డర్లొచ్చే చోటు చూసుకో, కుట్టు, పంపు. మిగతాదాని జోలికి వెళ్లకు. మొన్న నువ్వు ఏదో నొక్కి చొక్కాలన్నీ పిల్లల బొమ్మల విభాగంలోకి పంపించేశావు, గుర్తుందా?

అన్నయ్య మూడు మాటలూ రెండుసార్లు చదివాను. అయినా ఏమో, మనకి వినపడేవే మూడేమో.

పేషెంటు వచ్చాడు, బుగ్గ బన్నులా ఉంది. ఉంటాను.

నీ మరదలు

*

ముందుగది, గుడ్డపేలికల మధ్య

మరదలు పిల్లా,

నీ ఒట్లన్నీ నమ్మాను. అందుకే ఇంకా అయోమయంగా ఉంది.

ఇప్పుడు నేను కుట్టగలిగిన దానికంటే ఎక్కువ వస్తున్నాయి. పక్కింటావిడని సాయానికి కూర్చోబెట్టుకున్నాను. ఆవిడ అంచులు మడతపెడుతుంది, నేను కుడతాను. పని గురించి కాదు నా బెంగ. ఆర్డర్ల కింద వాళ్లు రాసే మాటలు. ఒకాయన రాశాడు, "సారు అడిగిన కొలతలన్నీ ఇస్తున్నాను" అని. ఏ సారు? ఇంకొకావిడ, "సారుకి నా నమస్కారాలు చెప్పండి" అంది. మరొకరు, "సారు చెప్పారని రెండోది కూడా తీసుకుంటున్నాను." మన కొట్లో నేను, నువ్వు, పక్కింటావిడ. ఇందులో సారెవరు?

మీ ఆయనేమోనని అనుమానం వచ్చింది. కానీ మీ ఆయనకి చొక్కా తిరగేసి ఉందో సరిగ్గా ఉందో కూడా తెలీదని నువ్వే కదా చెప్పేదానివి. పోనీ ఎవడైనా మన కొట్టు పేరు చెప్పుకుని తిరుగుతున్నాడా? మోసమేమో అని భయమేసింది. మోసగాడైతే డబ్బులు వాడికి వెళ్లాలి కదా, నాకొస్తున్నాయేంటి? పైగా వాడు అడిగే కొలతలు నాకే తట్టలేదే! నిలబడి ఉన్నప్పటి కొలత కాదు, కూర్చున్నప్పటి కొలత. ఏ చెయ్యి పనిచెయ్యదు? మెడ తిప్పగలరా? చొక్కా వేసుకునేది మంచం మీదా, కుర్చీలోనా? వాటి ప్రకారం కత్తిరిస్తుంటే చొక్కా ఇంకా బాగా కుదురుతోంది. నన్ను మోసం చేస్తున్నవాడు నాకంటే బాగా నా పని చేస్తున్నాడంటే ఏమనుకోవాలి?

ఇదంతా ఒక ఎత్తు. మీ అన్నయ్య ఒక ఎత్తు. నేను పోస్టాఫీసుకి బయల్దేరగానే ఆయన గది తలుపు వేసుకుంటున్నారని పక్కింటావిడ చెప్పింది. లోపల్నుంచి మాటలు వినపడ్డాయట. ఇంట్లో ఆయన తప్ప ఎవరూ లేరు. తనలో తను మాట్లాడుకుంటున్నారా? ఒకసారి నవ్వు కూడా వినపడిందట. చెయ్యి పోతే చొక్కా కుట్టాను. ఇప్పుడు మనసుకి ఏదైనా అయితే ఏం కుట్టను?

డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామనుకుంటున్నాను. ఈసారి వేరే డాక్టరు. ఎలా చెప్పి తీసుకెళ్లాలో నువ్వే చెప్పు. నీ మాటైతే వింటారు.

మీ వదిన

*

క్లినిక్, భోజనాల వేళ

వదినా,

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లకు. అప్పుడే వద్దు.

ఎందుకని అడుగుతావు. ఏం రాయాలో తెలీక రెండు కాగితాలు చింపేశాను. అన్నయ్య మనసుకి ఏమీ కాలేదు. నాకెలా తెలుసంటే, తెలుసు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను కదా. దెబ్బ తగిలితే మూలకి వెళ్లి కూర్చోవడం అన్నయ్యకి అలవాటు. తనంతట తను రావాలి. చెయ్యి పట్టుకుని లాగితే ఇంకా లోపలికి వెళ్తాడు.

సారు గురించి నువ్వు బెంగపెట్టుకోకు. మోసం కాదు. అంతవరకు చెప్పగలను. వ్యాపారం బాగా సాగుతోంది కదా. దయచేసి పక్కింటావిడకి కూడా చెప్పు, తలుపు దగ్గర చెవి పెట్టొద్దని.

ఈసారి జోకులు రావడం లేదు వదినా. ఏమనుకోకు.

నీ మరదలు

*

పోస్టాఫీసు, జిగురు సీసా ఉన్న బల్ల

అమ్మాయ్,

"అంతవరకు చెప్పగలను" అన్నావు. మిగతాది నేను చెబుతాను విను.

నిన్న పొద్దున ఒకావిడ తన తండ్రి కోసం చొక్కా తీసుకుని, అందిందని రాసింది. ఏం రాసిందో తెలుసా? "నాన్న ముందు విసుక్కున్నారు. తర్వాత సారు చెప్పినట్టు క్లచ్ వదిలినట్టు మెల్లగా లాగారు, పట్టీ ఊడి వచ్చేసింది. ఇవాళ మళ్ళీ మళ్ళీ తనే వేసుకుని తనే విప్పుకున్నారు."

క్లచ్ వదిలినట్టు.

ఈ ప్రపంచంలో చొక్కా గురించి మాట్లాడుతూ క్లచ్ తీసుకొచ్చే మనిషి ఒక్కడే ఉంటాడు. నన్ను పెళ్లిచూపుల్లో "ఏం భయం లేదు, క్లచ్ మెల్లగా వదిలినట్టు మాట్లాడండి" అన్న మనిషి.

పార్శిళ్లు తీసుకుని బయల్దేరినట్టే బయల్దేరి, సందు చివరి నుంచి వెనక్కి వచ్చాను. మెట్ల మీద చెప్పులు విప్పి నిలబడ్డాను. నా ఇంట్లోకి నేనే దొంగలా. తలుపు వేసే ఉంది. లోపల ఆయన.

"తొందరేం లేదండీ. మీరు కింద పడేస్తే చొక్కాయే కదా పడేది, కారు కాదుగా... హహ్హ. ముందు చచ్చుచెయ్యి. ఆఁ, నేను దాన్ని అలాగే అంటాను, నాదీ అదే రకం. ముందు దాన్ని లోపల పెట్టండి. బతికున్న చెయ్యి ఆఖర్న... కోపమా? రోజూ వస్తుంది. మా ఇంట్లో కుర్చీనడగండి, ఎన్ని తన్నులు తిందో."

ఎంతసేపు మాట్లాడారో! ఆ గొంతు! నేను ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో నీకేం తెలుసు? నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఆఖరికి ఒళ్లు మండిపోయింది. ముక్కూ మొహం తెలియనివాళ్లకి కుర్చీని తన్నిన సంగతి చెబుతారు. నాకు, ఆ కుర్చీ కాలు సరిచేసి పెట్టుకున్న దానికి, ఊఁ, వద్దు, సరే.

చెప్పులు మళ్ళీ తొడుక్కుని, చప్పుడు చేసుకుంటూ లోపలికి వెళ్లాను. గదిలో నిశ్శబ్దం. "కాఫీ పెట్టనా?" అన్నాను. "ఊఁ" అన్నారు.

తర్వాత మన పేజీ అడుగుదాకా వెళ్లి చూశాను. నువ్వు వేలు పెట్టొద్దన్న చోటే పెట్టాను. అక్కడ ఫోను నంబరు ఆయనది. మూలపడిందనుకున్న పాత ఫోనుది. దానికి చార్జింగ్ ఎవరు పెడుతున్నారో కూడా చూసుకోలేదు నేను.

అన్నాచెల్లెళ్లు ఒక్కటైపోయి, నన్ను మిషను దగ్గర కూర్చోబెట్టారు. నేనంటే ఏమనుకున్నారు మీరిద్దరూ?

నీ వదిన

*

మా వంటగది

వదినా,

తిట్టు. ఇంకా తిట్టు. కానీ ముందిది చదువు.

పేజీ పెట్టేటప్పుడు నంబరు లేకపోతే ముందుకి వెళ్లనివ్వలేదు. నీదిద్దామంటే, మిషను తొక్కుతూ ఫోనెత్తలేను, నాది పెట్టకు అన్నావు. నాదిద్దామంటే ఇక్కడ పేషెంట్లు మూలుగుతుంటే ఎలా ఎత్తను? అన్నయ్య పాత నంబరు పెట్టేశాను. ఎలాగూ ఎత్తడులే అనుకున్నాను. అంతే వదినా. అందులో తెలివీ లేదు, పథకమూ లేదు.

ఓ రోజు అన్నయ్య నాకు ఫోన్ చేశాడు. తనంతట తను, పక్షవాతం వచ్చాక మొదటిసారి. "ఎవరో పెద్దాయన నాకు ఫోన్ చేసి చొక్కా ఎలా తొడుక్కోవాలని అడుగుతున్నాడేంటే?" అన్నాడు. "పొరపాటైంది అన్నయ్యా, తెలీదని పెట్టేయ్, నంబరు తీసేస్తాను" అన్నాను. దానికి అన్నయ్య, "చెప్పేశాను. పాపం చాలాసేపు పట్టింది ఆయనకి. ఉండనీ నంబరు" అన్నాడు.

ఆ పెద్దాయన మా డాక్టరుగారి నాన్నగారట, నేను కొనిపించిన చొక్కా ఆయనకే చేరింది. అక్కడి నుంచి మొదలైంది. అన్నయ్యతో మాట్లాడినవాళ్లు, చేతికీ కాలికీ వ్యాయామాలు చేయించే చోట బెంచీల మీద కూర్చుంటారు కదా, అక్కడ పక్కవాళ్లకి చెబుతున్నారు. నీ చొక్కా బాగుంటుంది వదినా, కాదనను. కానీ వాళ్లు ఒకరికొకరు ఇచ్చుకుంటున్నది చొక్కా పేరు కాదు, ఆ నంబరు.

నీకు చెబుతానన్నాను, నన్ను నమ్ము. అన్నయ్య ఒప్పుకోలేదు. "మీ వదినకి చెప్పకు. చెబితే చప్పట్లు కొడుతుంది, నడక నేర్చుకునే పిల్లలకి కొట్టినట్టు. అప్పుడు నేను మళ్ళీ మాట్లాడలేను" అన్నాడు. నేను మాటిచ్చేశాను. నువ్వు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్నప్పుడు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను. చెబితే అన్నయ్య ఆపేస్తాడు, చెప్పకపోతే నువ్వు కుమిలిపోతావు.

నువ్వు కోపంగా ఉన్నావు, ఉండాలి కూడా. ఒక్కటి మాత్రం అడుగుతాను. తెలిసినట్టు కనపడకు. కొన్నాళ్లు. నాకోసం కాదు.

నీ మరదలు

*

ముందుగది, నేల మీద

మరదలు పిల్లా,

కోపం పూర్తిగా పోలేదు, కాస్త పల్చబడింది. పిల్లా అని పిలుస్తున్నాను, చూసుకో.

నువ్వడిగినట్టే తెలియనట్టు ఉన్నాను. అదెంత కష్టమో! పోస్టాఫీసులో పని అయిపోయినా అక్కడే బల్ల మీద కూర్చునేదాన్ని, ఆయనకి కాస్త సమయం ఇద్దామని. పక్కింటావిడకి నా మీదే అనుమానం మొదలైంది, పోస్టాఫీసులో నాకేం పనని.

ఇంతలో ఓ వ్యాపారి వచ్చాడు. చక్రాల కుర్చీలు, ఆసుపత్రి మంచాలు అమ్మే కొట్లు చాలా ఉన్నాయట అతనికి. మన చొక్కా ఎక్కడో చూశాడు. ముందుగదిలో కూర్చుని చొక్కా తిరగేసి మరగేసి, "బ్రహ్మాండం అమ్మా. చిన్నది, మధ్యరకం, పెద్దది, ఈ కొలతల్లో కుట్టివ్వండి. ఎన్ని కుడితే అన్నీ నేనే తీసుకుంటాను. ఈ ఇంటర్నెట్టు, ఫోన్లు, ఒక్కొక్కరికీ కొలతలు, ఇదంతా ఎందుకు మీకు? ఆ పేజీ మూసేయండి" అన్నాడు.

నిజం చెప్పనా? సరే అనబోయాను. నడుము విరిగిపోతోంది. మనిషికో కత్తిరింపు, పొరపాటైతే మళ్ళీ మొదటికి. నోరు తెరిచేలోపు వెనక నుంచి "కుదరదు" అని వినపడింది.

ఇంటికి ఎవరొచ్చినా బయటికి రాని మనిషి, గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"కూర్చున్నవాడికి ఒకలా, పడుకున్నవాడికి ఒకలా ఉండాలండీ. చిన్న పెద్ద అని కుదరదు" అన్నారు. అతను నవ్వి, "మీరెవరండీ?" అన్నాడు. ఆయన ఎడమచేత్తో తన చొక్కా చర్రుమని ఊడదీశారు. విప్పేసి, ఆ సన్నబడిపోయిన చెయ్యి పరాయి మనిషి ముందు అలా వేలాడుతుంటే, మెల్లగా మళ్ళీ తొడుక్కున్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. వ్యాపారి కార్డు బల్ల మీద పెట్టి, ఆలోచించుకుని చెప్పమని వెళ్లిపోయాడు.

అతను గేటు దాటాడో లేదో నేను మొదలుపెట్టాను.

"కుట్టేది నేను. నడుము నాది. కుదరదని చెప్పడానికి మీరెవరు?"

"ఫోనెత్తేది నేను!" అని అరిచారు.

అరిచాక ఆయనకే తెలిసింది ఏమన్నారో. నేను ఆశ్చర్యపడలేదు. అది చూసి, "నీకు తెలుసా?" అన్నారు.

"మెట్ల మీద నిలబడి విన్నాను."

"ఎప్పుడు?"

"ఎప్పుడైతేనేం? వాళ్లకి అన్నీ చెబుతారు. కోపం రోజూ వస్తుందని చెబుతారు. కుర్చీని తన్నారని చెబుతారు. నాతో మాట్లాడటానికి ఏమైంది? నేనేం పాపం చేశాను?"

ఇద్దరం గట్టిగానే అరుచుకున్నామే. పక్కింటావిడ అంచుల మడత వదిలేసి వెళ్లిపోయింది. చాలాసేపు ఆయన కిటికీ దగ్గర నిలబడ్డారు. నేను గుడ్డపేలికలు ఏరుతున్నట్టు నటించాను. తర్వాత నావైపు తిరక్కుండానే అన్నారు.

"వాళ్లకి నేను ముందెలా ఉండేవాణ్ణో తెలీదు."

నాకు అర్థం కాలేదు.

"నీ ముందు నోరు తెరిస్తే, నువ్వు వెనకటి మనిషి కోసం వెతుక్కుంటావు. నీ మొహంలో కనపడుతుంది. వాళ్లు వెతుక్కోరు. వాళ్లకి నేను ఒంటిచేతివాణ్ణే, మొదటి నుంచీ."

అలాంటిదేమీ లేదు అనాలి. అనలేకపోయాను. ఎందుకంటే నిజమే, వెతుక్కుంటున్నాను. మెట్ల మీద ఆ నవ్వు విన్నప్పుడు కూడా, ఆయన వెనక్కి వచ్చేశారని నా గుండె గంతేసిందే గానీ, ఆ గదిలో ఉన్నదెవరో చూడాలనుకోలేదు. మరి ఈయనెవరు? కుర్చీని తన్నే మనిషి, పరాయివాడి ముందు చొక్కా విప్పే మనిషి. నేను కాపురం చేసిన మనిషి ఈ పనులేవీ చెయ్యడు.

ఇంతలో గదిలో ఫోను మోగింది. నేనింట్లో ఉంటే మోగకుండా దాని నోరు నొక్కేసేవారు కాబోలు, ఈసారి మర్చిపోయినట్టున్నారు. ఆయన నావైపు చూశారు. వెళ్లి తెచ్చుకుని, నా ఎదురుగానే కూర్చుని ఎత్తారు. తలుపు వెయ్యలేదు.

"ఆఁ, చెప్పండమ్మా... అమ్మగారికా? ఏ చెయ్యి? రెండూనా?" అని కాసేపు విన్నారు. మొహం మారిపోయింది. ఫోను గుండెకి ఆనించుకుని నన్నడిగారు: "వాళ్లమ్మ మంచం మీదే ఉంటుందట. రెండు చేతులూ రావు. పక్కకి దొర్లించకుండా తొడిగేలా, వీపు వైపు తెరుచుకునేలా కుట్టగలవా?"

అలాంటిది నేనెప్పుడూ కుట్టలేదు. ఎక్కడ కత్తిరించాలో, ఎక్కడ కలపాలో ఊహకైనా అందలేదు.

"తెలీదు" అన్నాను.

ఆయన నా మొహంలోకి కాసేపు చూసి, ఫోను చెవి దగ్గర పెట్టుకున్నారు.

"మా ఆవిడ తెలీదంటోందమ్మా. అంటే కుడుతుంది."

వ్యాపారికి ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. మళ్ళీ ఒకసారి అరుచుకోవాల్సి వస్తుందేమో. ప్రస్తుతం కాగితం పరుచుకుని నేల మీద కూర్చున్నాను, ఆయన ఎదురుగా కూర్చుని కాగితం కదలకుండా మోకాలితో అదిమి పట్టుకున్నారు. ఏది ముందో, ఏది వెనకో ఇద్దరికీ తెలీడం లేదు.

వదిన